ఎడమ ముందు చక్రం

మూడేళ్ళ కిందట ఒక ప్రశ్న అడిగాను. ఇప్పటిదాకా ఒక్కరూ జవాబు చెప్పలేదు. అడిగింది గోడని కాదు. పాత జీపులున్నవాళ్ళందరూ కలిసి ఫోనులో పెట్టుకున్న గ్రూపులో, మూడు వందల మందికి పైగా ఉన్నచోట అడిగాను. ప్రశ్న పెద్దదీ కాదు. "నా జీపు ఎడమ ముందు చక్రం హబ్బు తిప్పితే తిరుగుతోంది కానీ లోపల పట్టుకుంటోందో లేదో తెలియడం లేదు. ఇంటి దగ్గరే చూసుకునే ఉపాయం ఎవరికైనా తెలుసా?" అంతే.

అందరూ చదివారు. చదివినట్టు గుర్తులు పడ్డాయి, నా కళ్ళతో చూశాను. ఒకాయన బొటనవేలు బొమ్మ పెట్టాడు. ప్రశ్నకి బొటనవేలు ఏమిటి? నీ బండి చెడిందా, బాగుంది, అలాగే కానీ అనా? ఇంకొకాయన "ఫోటో పెట్టండి" అన్నాడు. నేను మిట్టమధ్యాహ్నం ఎండలో చక్రం పక్కన గొంతుక్కూర్చుని, గుడ్డతో తుడిచి నాలుగు ఫోటోలు తీసి పెట్టాను. ఆయన మళ్ళీ కనబడలేదు. కనబడలేదంటే తప్పు, సాయంత్రం కనబడ్డాడు. తన బండికి వేయించుకున్న కొత్త టైర్ల ఫోటో పెట్టాడు. దానికి నలభై మంది చప్పట్లు కొట్టారు. మూడో ఆయన, ఆ గ్రూపుకి పెద్ద, "బ్రదర్, ఇంగ్లీషులో పెట్టండి, అందరికీ అర్థమవుతుంది" అని తెలుగులోనే రాశాడు. ఇంగ్లీషులోనూ పెట్టాను. మర్నాడు పొద్దున దాని కింద ఎవరో గులాబీ పువ్వు బొమ్మతో శుభోదయం చెప్పారు. అక్కడితో సరి.

హబ్బు అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా దాని మీదే నడుస్తుంది. పాత జీపుల్లో మామూలుగా ఇంజను బలం వెనక చక్రాలకే వెళుతుంది. బురదలోనో ఇసుకలోనో ముందు చక్రాలు కూడా లాగాలంటే రెండు పనులు చేయాలి. బండి లోపల చిన్న లివరు ఒకటి వెయ్యాలి. అంతకు ముందే కిందికి దిగి, రెండు ముందు చక్రాల మధ్యలో అరచేయంత గుండ్రటి మూత ఉంటుంది, దాన్ని చేత్తో తిప్పాలి. తిప్పితే లోపలున్న పళ్ళ చక్రం జరిగి ఇరుసుని పట్టుకుంటుంది. ఆ మూత, దాని వెనకున్న సరంజామా కలిపితే హబ్బు. రెండింటిలో ఏ ఒక్కటి పట్టుకోకపోయినా రెండో వైపు కూడా దండగే. బలమంతా పట్టుకోని వైపుకి పారిపోయి, చక్రం కదలకుండా లోపలి ఇరుసు మాత్రం ఊరికే గిరగిర తిరుగుతుంది. ఈ ముక్క నాకు ఆలస్యంగా తెలిసింది. తెలిసినవాళ్ళు చెప్పి ఉంటే ముందే తెలిసేది.

నేను మెకానిక్కుని కాను. మహదేవపురలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. ఇప్పుడా ఫ్యాక్టరీ లేదు, ఆ చోట అద్దాల మేడ ఉంది. స్టోర్సులో ఉన్నవాడికి ప్రతి సామాను పేరూ, నంబరూ తెలుస్తాయి. అది లోపల ఏం చేస్తుందో తెలియదు. కాగితం తెచ్చినవాడికి అడిగింది ఇవ్వడమే మా పని. ఎవరడిగినా ఇచ్చాను. తెలియని కుర్రవాడొచ్చి తప్పు పేరు చెబితే, నీకు కావలసింది అది కాదు, ఇది అని సరిచేసి ఇచ్చాను. అడిగినవాడిని నిలబెట్టి మొహం తిప్పుకున్న రోజు నా ఉద్యోగంలో లేదు. అందుకే నాకీ సంగతి ఇంత మంటగా ఉంటుంది.

రిటైరయిన ఏడాది కోలారు దారిలో ఒక తోట రైతు దగ్గర ఈ జీపు కొన్నాను. అప్పటికే దానికి ఇరవై ఏళ్ళు. రైతు తాళం ఇస్తూ, "ఏడాదికొకతూరి ముందర చక్రాల మూతలు తీసి, కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పెట్టు సార్. అంతే, అది నిన్ను ఇడిసిపెట్టదు" అన్నాడు. ఆ మాట పట్టుకున్నాను. ఏడాదికోసారి కాబట్టి గుర్తుండాలని ఆయుధపూజ పెట్టుకున్నాను. పూజ ముందురోజు మూత తీసి కడిగేవాడిని. మా ఇంటి ముందు సందు ఇరుకు. జీపు కుడివైపు కాంపౌండు గోడకి ఆనుకుని ఉంటుంది, చేయి దూరదు. అందుకని ఎడమది మాత్రం విప్పేవాడిని. కుడిది వచ్చే ఏడు చూద్దాం అనుకునేవాడిని. అలా అయిదేళ్ళు అనుకున్నాను.

మూడేళ్ళ కిందట ఒక రాళ్ళగుట్ట దారిలో బండి ముందుకు లాగడం లేదని అనుమానం వచ్చింది. హూడిలో రైలు గేటు దగ్గర మాకు తెలిసిన మెకానిక్కు ఉన్నాడు, నా వయసువాడే. అతని దగ్గరికి తీసుకుపోయాను. అతను బండి కిందికి వంగలేదు. టీ గ్లాసు కింద పెట్టలేదు. కూర్చున్న టైరు మీద నుంచి లేవను కూడా లేదు.

"ముందర ఇరుసు మధ్యలో గేర్లు పోయిండాయప్పా" అన్నాడు.

"చూడకుండానే ఎట్ల చెప్తావు?"

"చూసేదేముండాది? దాని వయసు చూస్తే చాలదా? సుమ్నె, ఊరికే, ఎందుకు తలనొప్పి? గుజరీకి వెయ్. కేజీల లెక్కన తీసుకుంటారు."

గుజరీ అంటే పాత ఇనుము కొట్టు. అక్కడున్న ఇద్దరు ఆటోవాళ్ళు నవ్వారు. ఒకడు, "జీపు ఒక్కటేనా, ఓనరుని కూడా కలిపి తూస్తారా?" అన్నాడు. మెకానిక్కు కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది, పై పన్ను ఒకటి లేదు. నేను తాళం తీసుకుని వచ్చేశాను. ఆ రోజు నుంచి ఈ బండికి నా చేయి తప్ప ఇంకో చేయి తగలకూడదనుకున్నాను. ఆ సాయంత్రమే గ్రూపులో ప్రశ్న పెట్టాను. దాని గతి పైన చెప్పాను.

ఆ తరవాత ఏడాదంతా నా ఆదివారాలు బండి కిందే గడిచాయి. చేతులతో పనిచేయడం గురించి మహా గొప్పగా చెప్పేవాళ్ళని చూశాను. వాళ్ళెవరూ పాత బండి కింద వెల్లకిలా పడుకుని ఉండరు. బోల్టు వదులు చేస్తుంటే తుప్పు పొడి కళ్ళలో పడుతుంది. ఉమ్మేద్దామంటే నోరు కదపడానికి చోటుండదు, ఉమ్మితే మన మొహం మీదే. గేరు నూనె వాసన కుళ్ళిన ఉల్లిపాయలా ఉంటుంది. అది చంక కిందికి కారి, చొక్కాకి పట్టి, మూడుసార్లు ఉతికినా పోదు. గోళ్ళ కింద నలుపు అన్నం కలుపుకునేటప్పుడు కనబడుతుంది. సందులో కుక్కలన్నీ నేను పడుకునే చోటు చూసి మరీ తడిపేవి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఒక గిన్నె చూపించి అడిగేది.

"దీంట్లో మీరు ఏం కడిగినారు?"

"బేరింగు."

"నేను పప్పు చేసేది దీంట్లోనే."

"సబ్బుతో తోమినాను కదా."

"తోమినారా? పప్పు డీజిలు కంపు కొడ్తా ఉండాది. ఈ బండికి పోసిన నూనె నాకిచ్చింటే ఈ జన్మకి దోసెలకి సరిపోయిండేది."

ఆ గిన్నె తరవాత నాదయింది. బ్రేకు పైపులు మార్చాను. కారుతున్న రేడియేటరుకి గొట్టాలు వేశాను. స్టీరింగు ఊగకుండా చేశాను. మెకానిక్కు చెప్పిన ముందు గేర్ల పెట్టె మూత కూడా విప్పాను. లోపల పళ్ళన్నీ నిక్షేపంగా ఉన్నాయి. అంటే అతను అబద్ధం చెప్పాడు. అంతవరకు సంతోషమే. మరి ముందు చక్రాలు ఎందుకు లాగడం లేదు? అది మాత్రం తేలలేదు. హబ్బు ఏటేటా నేనే విప్పి, నేనే కడిగి, నేనే బిగిస్తున్నాను కాబట్టి తప్పు అక్కడ ఉండదని నా నమ్మకం. మూత తిప్పితే తిరుగుతోంది కదా. చూసే ఉపాయం తెలిస్తే చూసేవాడిని. అడిగాను కదా.

మా ఎదురింట్లోకి కాకినాడ వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. కొడుకు బెళ్ళందూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. అతని తల్లికి డెబ్బై దాటాయి. కిడ్నీలు పనిచేయవు, వారానికి మూడు రోజులు డయాలసిస్. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ఆసుపత్రి. కొడుక్కి ఏనుగంత కొత్త బండి ఉంది. చూసినవాళ్ళు అది అడవులు దున్నేస్తుందనుకుంటారు. ముందు చక్రాలు రెండే లాగుతాయి దానికి, అంతా పై పటాటోపం. ఒకరోజు ఆవిడ అరుగు మీద కూర్చుని నేను చేసే పని చూస్తూ, "తమ్ముడూ, ఇంత ముసలి బండి ఎందుకుంచుకున్నారు?" అని అడిగింది.

"అక్కా, వానొచ్చినప్పుడు చూడండి. మీవాడి బండి గేటు దాటదు. ఇది మిమ్మల్ని ఆసుపత్రి మెట్ల మీద దించుతుంది."

"మాటేనా?"

"మాటే."

ఆ మాట నేనిచ్చిందే. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. నాలుగు చక్రాలూ లాగుతాయో లేదో నాకే తెలియనప్పుడు ఇచ్చాను. ఎందుకిచ్చానంటే, ఏడాదిగా నా బండిని చూసి నవ్వనివాళ్ళలో ఆవిడ మొదటిది.

పోయిన ఏడాది వాన వచ్చింది. మా వైపు వానంటే ఏమిటో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. చెరువుల మీద ఇళ్ళు కట్టారు, నీళ్ళు తమ చోటు వెతుక్కుంటూ వస్తాయి. బెళ్ళందూరు చెరువు నురగకి పేరొచ్చింది. మా రాజకాలువకి, అదే పెద్ద మురుగు కాలువకి, పేరు రాలేదు గానీ కంపులో ఏం తీసిపోదు. అది పొంగి రోడ్డెక్కింది. నల్లటి నీళ్ళు, మీద తెట్టు, తెట్టు మీద ప్లాస్టిక్ కవర్లు, చచ్చిన పందికొక్కు, ఎవరిదో ఒంటి చెప్పు. ముందురోజు వెళ్ళాల్సిన డయాలసిస్‌కి ఆవిడ వెళ్ళలేకపోయింది. కాళ్ళు ఉబ్బిపోయాయి, పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. కొడుకు పాంటు మోకాళ్ళ దాకా మడిచి మా గేటు దగ్గరికి వచ్చాడు.

"అంకుల్, మీది ఫోర్ వీల్ డ్రైవ్ కదా? అమ్మకి అర్జెంట్. ప్లీజ్ అంకుల్."

జీపు తీశాను. నీళ్ళు తక్కువున్న చోట దిగి రెండు హబ్బులూ తిప్పాను. చిన్న లివరు వేశాను. ఆవిడ ముందు సీట్లో, కొడుకు వెనక. రోడ్డు మీద నీళ్ళల్లో బాగానే వెళ్ళింది. కాలువ పక్కన తారు కొట్టుకుపోయి బురదగుంట అయినచోట ఆగింది. వెనక చక్రాలు తిరుగుతున్నాయి, బురద చిమ్ముతున్నాయి, అంతే. నేను ఎంత తొక్కితే అంత కిందికి దిగింది. కాలువ నీళ్ళు తలుపు సందులోంచి లోపలికొచ్చి ఆవిడ పాదాలు తడిపాయి. ఆ నీళ్ళు ఎలాంటివో నాకు తెలుసు. ఆవిడ కాళ్ళు సీటు మీదికి ఎత్తుకోలేకపోయింది. కొడుకు వంగి తన రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు.

"అంకుల్, ఫోర్ వీల్ అన్నారు కదా?" అన్నాడు.

గట్టిగా కూడా అనలేదు. అరిచి ఉంటే తిరిగి అరిచేవాడిని.

పక్క ఊరి రైతు ఒకతను ట్రాక్టరులో మనుషుల్ని దాటిస్తున్నాడు. ఆవిడని ట్రాలీలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చోబెట్టి తీసుకుపోయారు. మూడు గంటలు ఆలస్యంగా సూది గుచ్చారు. బతికింది. ట్రాక్టరతను తిరిగొచ్చేదాకా నేను ఆ కంపులో, మునిగిన సీటు మీద, చిన్న లివరు పట్టుకుని కూర్చున్నాను. అతను గొలుసు కట్టి నన్ను బయటికి లాగాడు. వక్కాకు రసం ఉమ్మేసి ముందు చక్రం వైపు చూశాడు.

"అన్నా, ముందరివి తిరగనే తిరగలా. నేను చూస్తానే ఉండా. ఊరికే ఉండాయి అవి."

"హబ్బులు తిప్పినానప్పా."

"తిప్పితే సరా? లోపల పట్టుకోవద్దా? ఇంటికి పోయి ముందర రెండు చక్రాలూ లేపు. మూతలు తిప్పు. లోపల లివరు ఏసి పెట్టు. ఒక చక్రం చేత్తో తిప్పు. రెండోది ఎదురు తిరగాల. తిరగకపోతే ఒకటి పట్టుకోలేదని. ఇది తెలీకుండానే జీపు తోల్తా ఉండావా?"

ఇంతే. వక్కాకు నములుతూ ఊపిరి తిప్పుకునేలోపు చెప్పేశాడు. ఇదే నేను మూడు వందల మందిని అడిగింది. ఇంతే చెప్పమన్నది.

నీళ్ళు తీశాక మొదట చేసిన పని గేర్ల పెట్టెల్లో నూనె వదలడం. కాలువ నీళ్ళు లోపలికి పోయి నూనె పాలు విరిగిన టీలా వచ్చింది. బక్కెట్టులోకి కారుతుంటే అందులో సన్నటి ఎర్ర పురుగులు కదిలాయి. నేను పక్కకి వెళ్ళి వాంతి చేసుకున్నాను. మూడు రోజులు అన్నం సయించలేదు. సీట్ల స్పాంజి పిండితే కంపు, ఎండబెడితే ఇంకా కంపు. సందులోవాళ్ళు ముక్కు మూసుకుని పోయారు. మెకానిక్కు స్కూటరు మీద పోతూ ఆగి, "గుజరీవాడు ఇప్పుడు తీసుకోడప్పా, కడిగిస్తే తీసుకుంటాడేమో" అన్నాడు. అది కూడా రాసి పెట్టుకున్నాను.

తరవాత ఆరేళ్ళలో మొదటిసారి కుడివైపు కూడా చూడటానికి జీపుని గోడకి దూరంగా నిలబెట్టాను. ముందు ఇరుసు కింద రెండు జాకీలు, రాళ్ళు పెట్టి రెండు చక్రాలూ లేపాను. ఒక మనిషి కావాలి. మా ఆవిడ పమిట నడుముకి దోపుకుని వచ్చింది.

"నేనేం చెయ్యాల?"

"ఎడమ చక్రం మీద చెయ్యి పెట్టి ఉండు. కదిలితే చెప్పు."

కుడి చక్రం తిప్పాను.

"కదిలిందా?"

"లేదు."

ఇంకా గట్టిగా తిప్పాను.

"లేదండీ. రాయి మాదిరి ఉండాది."

కుడి చక్రంతో పాటు లోపల ఇరుసు తిరుగుతున్న చప్పుడు వినబడింది. అంటే నేను విప్పనే విప్పని కుడివైపు తిన్నగా పట్టుకుని ఉంది. ఏటేటా నా చేత్తో కడిగిన ఎడమవైపు పట్టుకోలేదు. ఆరు బోల్టులు విప్పి మూత లాగాను. లోపల గ్రీజు నల్లగా ఉండాలి. ఎర్రగా ఉంది. ఇటుక రంగు ముద్ద, ఎండిన బంకమన్నులాగా పళ్ళ చక్రానికీ స్ప్రింగుకీ అంటుకుని ఉంది. వేలితో గీకితే రాలేదు. స్క్రూడ్రైవరుతో గీకాను. పెళ్ళగా వచ్చింది. అందులో ఏదో తెల్లగా గుచ్చుకుని ఉంది. తుడిచి చూశాను. బియ్యపు గింజ. ఇంకా గీకితే ఇంకో మూడు. పసుపు అంటిన అక్షింతలు.

మా ఆవిడ వంగి చూసింది. "ఇది నేను పెట్టిన కుంకం కాదు" అంది. "నేను బానెట్టుకి, స్టీరింగుకి పెడతాను. పళ్ళెంలో ఇనుపముక్కలకి పెట్టేది మీరు."

నిజమే. ఫ్యాక్టరీలో ఆయుధపూజ రోజు విప్పిన సామానంతా పళ్ళేల్లో పేర్చి గంధం, పసుపు, కుంకుమ పెట్టి అక్షింతలు వేసేవాళ్ళం. ఆ అలవాటు ఇంటికి తెచ్చుకున్నాను. ముందురోజు కడిగిన హబ్బు ముక్కలు పూజ పొద్దున పళ్ళెంలో ఉండేవి. అన్నిటికీ బొట్లు పెట్టేవాడిని. స్ప్రింగుకి కూడా. పూజ కాగానే బండి నిమ్మకాయల మీద నుంచి పోవాలి కదా, వెంటనే బిగించేయాలి. పెట్టిన కుంకుమ ఆ రోజే తుడవకూడదు, మా అమ్మ అలాగే చెప్పేది. తుడవకుండానే, దాని మీదే గ్రీజు పట్టించి బిగించాను. అయిదు ఆయుధపూజలు. ఏటా కిరసనాయిలు పైపైన పోసి, లోపల గాడిలో పేరుకున్నది వదిలేసి, దాని మీద కొత్త బొట్టు. మూత తిరుగుతూనే ఉంది. వెనకున్న పళ్ళ చక్రం ఆ ముద్దలో ఇరుక్కుపోయి జరగడం మానేసింది.

చేతిలో ఆ ముద్ద పట్టుకుని కూర్చున్నాను. కాలువ పురుగుల్ని చూసినప్పుడు వాంతి వచ్చింది గానీ అప్పుడు నా మీద నాకింత రోత పుట్టలేదు. ఎదురింటి ఆవిడ పాదాలు ఆ నీళ్ళల్లో తడవడానికి కారణం మెకానిక్కు కాదు, తోట రైతు కాదు, బండి వయసు కాదు. నేను భక్తిగా పెట్టిన బొట్టు. తప్పు నాది. ఈ మాట రాశాను, వెనక్కి తీసుకోను.

మా ఆవిడ లోపలికి వెళ్ళి పప్పు గిన్నె తెచ్చి, అందులో కిరసనాయిలు పోసి నా ముందు పెట్టింది. పళ్ళ చక్రం నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో గాడి గాడీ తోమాను. స్ప్రింగు తోమాను. నీళ్ళు దూరకుండా ఉండే రబ్బరు రింగు పెళుసెక్కి ఉంటే కొత్తది వేశాను. గ్రీజు పలచగా పెట్టాను. బిగించి మూత తిప్పితే లోపల టక్కుమంది. ఆ చప్పుడు అయిదేళ్ళుగా లేదు, లేదన్న సంగతి నేను గమనించలేదు. మళ్ళీ కుడి చక్రం తిప్పాను.

"అమ్మా!" అని మా ఆవిడ చేయి లాక్కుంది. "తిరిగింది. ఎదురు తిరిగింది!"

ఆ రోజు ఈ సంగతంతా, ఎర్ర ముద్ద ఫోటోతో, అక్షింతల ఫోటోతో, నా తప్పు దాచకుండా గ్రూపులో పెట్టాను. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. ఇంకొకడికైనా పనికొస్తుందని. పాత బొటనవేలు మనిషే మళ్ళీ బొటనవేలు పెట్టాడు. ఇంకొకడు నవ్వే బొమ్మ పెట్టాడు. తరవాత శుభోదయం.

ఈ ఏడు వాన మళ్ళీ వచ్చింది. అదే కాలువ, అదే తెట్టు. ఆ రోజు ఆవిడకి డయాలసిస్. నేను జీపు స్టార్టు చేసి వాళ్ళ గేటు ముందు నిలబెట్టాను, పిలవకుండానే. కొడుకు బయటికొచ్చి జీపు చూసి, వీధి చివర వైపు చూశాడు.

"అంకుల్, డోంట్ మైండ్. ట్రాక్టర్‌ని కూడా బ్యాకప్‌గా రమ్మన్నాను."

వీధి చివర ట్రాక్టరతను నన్ను చూసి చేయి ఊపాడు. నేను ఊపలేదు. తరవాత ఊపాను, ఆ మనిషి చేసిన తప్పేమీ లేదు. నిర్ణయం తల్లిది. ఆవిడ గుమ్మంలో నిలబడి రెండింటినీ చూసింది. "తమ్ముడి బండిలోనే వెళ్తాను" అంది. కొడుకు ఏదో చెప్పబోతే, "మాటిచ్చాడురా" అంది.

హబ్బులు తిప్పాను. రెండు వైపులా టక్కుమన్నాయి. చెవి దగ్గర పెట్టి మరీ విన్నాను. గుంట దగ్గరికి వచ్చాం. చిన్న లివరు వేసి నెమ్మదిగా దింపాను. వెనక చక్రాలు జారాయి. ఒక్క క్షణం బండి అలాగే నిలబడింది. ఆవిడ పాదాలు మెల్లగా పైకి తీసుకోవడం చూశాను. అప్పుడు ముందు చక్రాలు పట్టుకున్నాయి. స్టీరింగు చేతిలో బరువెక్కింది, బండి మూతి పైకి లేచింది, ఎక్కేసింది. వెనక ట్రాక్టరతను ఈల వేశాడు.

రింగ్ రోడ్డెక్కాక ఆవిడ అడిగింది. "పోయినసారి ఎందుకు రాలేదు తమ్ముడూ ఇది?"

చెప్పాను. కుంకుమ, అక్షింతలు, అన్నీ. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఎవరినైనా అడగాల్సింది."

"అడిగానక్కా. అంతకు రెండేళ్ళ ముందే అడిగాను. మూడు వందల మందిని."

"ఎవరూ చెప్పలేదా?"

"ఎవరూ చెప్పలేదు."

ఆసుపత్రి కనబడుతోంది. "మళ్ళీ అడగండి" అంది. "ఊరుకోకండి. నా కాళ్ళు తడిసింది అందుకే కదా."

ఊరుకోను. అందుకే ఇదంతా రాసి, ఆ గ్రూపులో ఉన్న మిమ్మల్నే మళ్ళీ అడుగుతున్నాను. కుంకుమ పెట్టింది నేను, దానికి బాధ్యుణ్ణి నేను, ఒప్పుకున్నాను. కానీ రెండు చక్రాలూ లేపి ఒకటి తిప్పి చూడు అన్న ఒక్క ముక్క మీలో ఎంతమందికి ఆ రోజు తెలుసు? పాత జీపులు ఏళ్ళ తరబడి తోలినవాళ్ళు, కొత్త టైర్లకి చప్పట్లు కొట్టినవాళ్ళు, నా ఫోటోలు తెరిచి చూసినవాళ్ళు, ఒక్కరికీ తెలియదా? తెలియకపోతే తెలియదని రాయండి, నమ్ముతాను. తెలిస్తే, ఎందుకు చెప్పలేదో రాయండి. తెలుగులో రాయండి, ఇంగ్లీషులో రాయండి, మీ ఇష్టం. బొటనవేలు మాత్రం వద్దు. మాటల్లో చెప్పండి.